బొంతల మాబీకి తెరవని వాకిలి

గుంతకల్లు రైల్వే కాలనీలో మా వాకిలి ముందు నిలబడి తొమ్మిదేళ్ళపాటు ఒకే మాట అడిగిన మనిషి ఒకామె ఉండేది. "అక్కా, బొంత కుట్టాల్నా?" అనేది. లోపలి నుంచి మా అమ్మ "వద్దు" అనేది. ఆమె పోయేది, నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేది. ఆమె పేరు మాబీ, మా అమ్మ పేరు హనుమక్క. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండి అన్నది మా కాలనీ ఆడవాళ్ళకు చాలాకాలం తేలలేదు. నాకు మాత్రం మొదటినుంచీ మాబీ మీదే నమ్మకం.

మాబీది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. దూదేకుల వాళ్ళు. పేర్లు సాయిబుల పేర్లే గానీ ఇంట్లో పలికేదంతా తెలుగే. మొగుడు పీరాసాబ్ పెద్ద విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ముప్పై ఏళ్ళు దూది ధూళి పీల్చిన రొమ్ము ఊరుకుంటుందా? పంతొమ్మిది వందల యాభై మూడుకల్లా ఆ విల్లు ఎత్తితే చాలు, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. పరుపులు కుట్టించుకునే వాళ్ళు కూడా లేరనుకోండి. వరసగా రెండేళ్ళు చెనిక్కాయ చేలు ఎండిపోయాయి. తినడానికి జొన్నలు వెతుక్కునే వాళ్ళు పరుపు మాటెత్తుతారా?

ఇక మిగిలింది మాబీ సూది. పాత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, ఈ చివరి నుంచి ఆ చివరికి వరసలు వరసలుగా కుట్టేది. ఆమె కుట్టిన బొంత పదేళ్ళు ఉతికినా ముద్దకట్టేది కాదు. పల్లెలో దానికి ఒక పద్ధతి ఉంది. ఎవరి చీరలు వాళ్ళే తెచ్చిస్తారు, ఎవరి బొంత వాళ్ళే తీసుకుపోతారు, కూలి కింద గింజలు కొలుస్తారు. ఆ కరువులో గింజలూ లేవు, చీరలూ లేవు. పాత చీర పారేసే ఆడది పల్లెలో ఒక్కరైనా ఉంటేగదా. చిరిగిన చోట ముడివేసి కట్టుకున్నారు.

అప్పుడు మాబీకి గుంతకల్లు తట్టింది. రైల్వే వాళ్ళకు నెల జీతం. క్వార్టర్సులో నేలంతా సిమెంటు, చలికాలం కాళ్ళు పెట్టనివ్వదు. ఇంటింటా చంటిపిల్లలు. అక్కడ బొంతలు పోకపోతే ఇంకెక్కడ పోతాయి? ఉన్న మూడు బొంతలూ మూట కట్టి, రెండు బస్సులు మారి, మా కాలనీలో దిగింది. అది యాభై నాలుగు. నాకు పదమూడేళ్ళు.

ఆమె అమ్మే తీరు చూసి నేను అప్పుడే ముచ్చట పడ్డాను. అందరిలా "కొనండమ్మా" అని అరిచేది కాదు. ఎవరింటి ముందైనా మంచం కనిపిస్తే అడక్కుండా దాని మీద బొంత పరిచేది. "పండుకొని సూడక్కా, ఊరికే. కొనమంటాన్యా నేను?" అనేది. మధ్యాహ్నం వంట ముగించి నడుం వాల్చాలని ఉన్న ఆడదాన్ని ఎవరు పండుకోమన్నా పండుకుంటుంది. పండుకున్న వాళ్ళు లేచాక బొంత మడిచి మాబీ చేతికి తిరిగివ్వడం కష్టమే. మూడూ ఒక్క పూటలో అయిపోయాయి. ఇంకో పదకొండు మంది కుట్టి తెమ్మని చెప్పి పెట్టారు, అందులో మా అమ్మ ఒకతె.

పదకొండు బొంతలంటే యాభై చీరలు. పల్లెలో దొరకవు. అందుకని ఆమె బోకుల ఆంజినమ్మను పట్టుకుంది. ఆంజినమ్మ తలమీద గంపతో గుంతకల్లు వీధులన్నీ తిరిగి, పాత బట్టలు తీసుకుని సత్తు గిన్నెలు ఇచ్చే మనిషి. ఆమె దగ్గర చీరలు గుట్టగా ఉన్నాయి. మాబీ నేత గట్టిగా ఉన్నవి ఏరుకుని పోయింది. నెలన్నరలో పదకొండు బొంతలూ కుట్టి తెచ్చింది.

మా బొంత నా మంచం మీదకి వచ్చింది. ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను. పది రోజులైంది. పదకొండో రోజు అమ్మ దాన్ని ఉతికి, తిరగేసి దండెం మీద ఆరేసింది. అలా ఆరేస్తూనే ఆగిపోయింది. కింది ముఖం ఆకుపచ్చ చీర. దాని మధ్యలో అరచేతి వెడల్పున నల్లదారంతో వేసిన మాసిక.

ఆ మాసిక మా అవ్వ వేసుకున్నది. మా అమ్మకు అమ్మ, పేరు నల్లమ్మ, పాతగుంతకల్లులో ఉండేది. దీపం ఒత్తి పడి చీర కాలితే, ఇంట్లో ఆకుపచ్చ దారం లేక నల్లదారంతోనే అల్లుకుంది. "ఆకుపచ్చ చీరకు నల్లదారమా, నలుగురూ నవ్వరా" అని అమ్మ అప్పుడు ఆమెను తిట్టింది కూడా. ఆ ఏడు ఉగాది ముందు అవ్వ పోయింది. పోయిన వాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు గదా, అన్నీ చాకలామెకు ఇచ్చేశారు. చాకలామె గిన్నెలకు ఆంజినమ్మకు ఇచ్చింది. అలా తిరిగి తిరిగి అవ్వ చీర నా మంచం మీదికి చేరింది.

అమ్మ అరవలేదు, ఏడవలేదు. కట్టెతో ఆ బొంతను దండెం మీద నుంచి తోసి, కట్టెతోనే వీధిలోకి ఈడ్చి, ఇంటికొచ్చి తలస్నానం చేసింది. నన్నూ చేయించింది. డ్యూటీ దిగి వచ్చిన మా నాయన సంగతి విని, "పది దినాలు పండుకొనె గదా పాప, ఏమాయె?" అన్నాడు. మా నాయన గూడ్సు గార్డు. జెండా ఊపడంలో ఉన్న జాగ్రత్త మాటలో ఉండేది కాదు. అమ్మ చూసిన చూపుకు తలొంచుకుని అన్నం తిన్నాడు.

రెండో రోజు మాబీ వచ్చింది. కొత్త మూటతో, నవ్వు మొహంతో వచ్చింది పాపం.

"ఈ చీర యాడిది?" అంది అమ్మ, వీధిలో పడి ఉన్న బొంతను కట్టెతో చూపించి.

మాబీ వంగి చూసింది. "బోకుల ఆంజినమ్మ దగ్గర తీసుకుంటినక్కా."

"ఎవురిదని అడగల్యా?"

"అడగల్యా." అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది, ఆడలేదు. "మా ఊర్లో అడిగే పని ల్యా. ఏ చీర ఎవురిదో, ఏ ఇంట్లో ఎవురు పోయినారో అందరికీ ఎరికే. ఈడ గూడా అట్లే అనుకుంటి."

"అది మా యమ్మ చీర. సచ్చిపోయినాక ఇంట్లోనుంచి పంపించేసిన చీర. దాన్ని తెచ్చి నా బిడ్డ కింద పరిచినావు. పో. ఇంక ఈ వాకిలి తొక్కద్దు."

అంతే. సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. పీనుగ మీది బట్టలు కుడతాంది అన్నారు, శ్మశానం కాడ ఏరుకొస్తాంది అన్నారు. పదిసార్లు ఆ బొంతల మీద దొర్లి "మెత్తగుండాది" అని మెచ్చుకున్న వాళ్ళే వాటిని కట్టెలతో తెచ్చి మా గేటు ముందు పారేశారు. మొదట కొన్నవీ, తర్వాత కొన్నవీ కలిపి పద్నాలుగు. మాబీ ఒక్కొక్కటి దుమ్ము దులిపి మడత పెట్టుకుంది. ఒక్క మోతలో కాలేదు. బస్సు కాడికి మూడుసార్లు తిరిగింది. ఒక చెయ్యి వేసిన వాళ్ళు లేరు. నేనూ కిటికీ దగ్గర నిలబడి చూశానే గానీ కదల్లేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది నాకు.

ఊరికి పోయాక ఆమె ఏం చేసిందో తర్వాత ఆమే చెప్పింది. పద్నాలుగు బొంతలూ కుట్లు విప్పింది. తెలిసిన చీరలు ఒక పక్క, తెలియనివి ఒక పక్క వేసింది. తెలియనివన్నీ ఆంజినమ్మకు తిరిగిచ్చేసింది, ఒక్కటి తప్ప. పీరాసాబ్ దగ్గుకుంటూనే, "పోనీలే మాబీ, గుంతకల్లు లేకుంటే ల్యాకపాయె. కూలికి పోదాం," అన్నాడట. "కూలికి పోతే కడుపు నిండుతాదేమో. నా పేరు? శవాల బట్టలు కుట్టే మాబీ అని అట్లే ఉండిపోతాది గదా," అందట ఆమె. "తప్పు నాదే. నేనే పోయి సరిచేసుకోవల్ల."

ఇరవై రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి మూట లేదు. చేతిసంచిలో సూదుల డబ్బీ, దారపు ఉండలు, తన పాత చీరలు రెండు, చంకలో చిన్న గుడ్డ చుట్ట. నేరుగా మా ఇంటికే వచ్చింది. అమ్మ తలుపు వేసేసింది. మాబీ ఆ చుట్టను వరండా మీద పెట్టి, మూసిన తలుపుతోనే మాట్లాడింది.

"అక్కా, మీ యమ్మ చీర విప్పి, ఉతికి తెచ్చినా. పెట్టుకోమని చెప్పల్యా. ఏం చేయాల్నో మీరే చేయండి. దీన్ని పారేసేకి నాకు చేతులు రాల్యా."

చుట్ట మూడు రోజులు వరండాలోనే పడి ఉంది. మేం దాన్ని తప్పించుకుని అటూ ఇటూ తిరిగాం. నాలుగో రోజు లేదు. చాకలామె తీసుకుపోయిందనుకున్నాను.

మా కాలనీకంతా ఒకే కొళాయి. పొద్దున రెండు గంటలు నీళ్ళు వదిలితే వదిలినట్టు, లేకుంటే లేదు. ఆడవాళ్ళంతా బిందెలు వరసలో పెట్టి అక్కడే కాచుకుంటారు. మాబీ పోయి ఆ కొళాయి పక్కన కూచుని, తన పాత చీరలే పరుచుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఒకరు మొహం తిప్పుకున్నారు, ఒకరు దూరం జరిగారు, ఒకామె బిందె కూడా కడిగింది. మాబీ తల ఎత్తలేదు. మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. రాత్రికి స్టేషను ముసాఫిర్‌ఖానాలో పడుకుని పొద్దున్నే వచ్చేదట.

మూడో రోజు ఓబమ్మ ఉండబట్టలేకపోయింది. ఓబమ్మ గ్యాంగ్‌మన్ భార్య, తొమ్మిదో నెల. "మా చీరలు మేమే ఇస్తే కుడతావా?" అని అడిగింది.

"అట్ల అయితేనే కుడతా. మీ చీరలు, మీ వాకిలి. మీరు సూస్తాండంగనే కుడతా. దారం ఒక్కటే నాది," అంది మాబీ.

ఓబమ్మ వాళ్ళ వరండాలో కూచుని మాబీ మొదటి చీర చేతిలోకి తీసుకోగానే, "ఇది ఎవురిది?" అని అడిగింది.

"ఎవురిదేంది, నాదే."

"ఎప్పుడు కొనింది? ఎవురు కొనిచ్చిరి?"

ఓబమ్మ చెప్పింది. మాబీ రెండో చీర తీసుకుంది. "ఇది ఎవురిది?" ఓబమ్మ ఆ చీర కథా చెప్పింది. అప్పటికి చుట్టుపక్కల నలుగురు పోగయ్యారు. ఆ తర్వాత మాబీ ఎవరింట్లో కుట్టినా ఇదే తంతు. అడిగి, జవాబు వినకుండా సూది గుచ్చేది కాదు. నన్నడిగితే ఆమె బొంతలకు గిరాకీ రావడానికి సగం కారణం ఆ ప్రశ్నే. ఇది నీకెవరు కొనిచ్చారు, ఏ పెళ్ళికి కట్టావు అని మా కాలనీ మొగుళ్ళలో ఒక్కడైనా ఎప్పుడైనా అడిగాడా? బొంత కుట్టించుకునే పని లేని వాళ్ళు కూడా ఆ మాటలు వినడానికి వచ్చి, ఇంటికిపోయి పెట్టె తెరిచి చీరలు వెతుక్కున్నారు.

కుట్టడం అయిపోయాక బొంత మూలలో ఎర్రదారంతో మూడు కుట్లు వేసేది. "ఇది నా గుర్తు. ఎవురన్నా ఏమన్నా అంటే ఇది సూపిచ్చి నన్ను పిలవండి. దాచుకునేది లేదు," అనేది.

మా నాయనలాంటి ఒకరిద్దరు తప్ప రైల్వే వాళ్ళు ఒకచోట ఉండరు. మూడేళ్ళకొకసారి బదిలీ. అరక్కోణం, హుబ్లీ, షోలాపూరు, ఎక్కడికి పోయినా బొంత మాత్రం మూటలో పోయేది. అక్కడ ఎండకు ఆరేస్తే పక్కింటామె మూలలోని ఎర్ర కుట్లు చూసి, ఇదేమిటని అడిగేది. అంతకు మించిన ప్రచారం ఏముంటుంది? యాభై ఎనిమిది కల్లా "బొంతల మాబీ, గుంతకల్లు" అని రాసిన కార్డులు రావడం మొదలయ్యాయి. పోస్టుమ్యాన్ వాటిని కొళాయి దగ్గరే ఇచ్చేవాడు. ఆమెకు చదువు రాదు, చదివిపెట్టే పని నాది. దూరపు వాళ్ళు వచ్చే పోయే చుట్టాల చేత చీరలు పంపేవాళ్ళు. ఏ చీర ఎవరిదో కాగితం మీద రాసి పంపాల్సిందే. రాయని చీర వస్తే పక్కన పెట్టి, అడగమని నా చేత ఉత్తరం రాయించేది. పల్లెలో ఆమె చేతి కింద ఇంకో నలుగురు కుట్టడం నేర్చుకున్నారు. పీరాసాబ్ కూచున్నచోటనే దారాలు పేనుతూ, మందులు వేసుకుంటూ, ఇంకో ఎనిమిదేళ్ళు బతికాడు.

మా నాయన కూడా ఒకటి కుట్టించుకున్నాడు, దొంగతనంగా. తన పాత పంచెలు ఓబమ్మ ఇంటికి చేర్చి, అక్కడ కుట్టించి, గార్డు పెట్టెలో దాచి, డ్యూటీ మీద పోయిన ఊళ్ళలో పరుచుకునేవాడు. అమ్మకు తెలియదనుకునేవాడు. పంచెలు లెక్కకు తగ్గితే తెలియకుండా ఉండడానికి ఆమె ఏమన్నా అమాయకురాలా?

ఇంత జరిగినా మాబీ నెలకోసారి మా వాకిలి ముందు నిలబడేది. "అక్కా, బొంత కుట్టాల్నా?" లోపలి నుంచి "వద్దు."

నాకు అమ్మ మీద ఎంత కోపం వచ్చేదో. ఒకరోజు కొళాయి దగ్గర మాబీనే అడిగేశాను. "ఊరంతా కుట్టించుకుంటాంది గదా, మాయమ్మ ఒక్కతి వద్దంటే నీకేం పోయింది? ఎందుకు అడిగి అనిపించుకుంటావు?"

ఆమె దారం పళ్ళతో తెంచి నా వైపు చూసింది. "ఊరి కోసరం అడగల్యా పాపా. నేను తప్పు చేసింది మీ ఇంట్లో. ఊరంతా మంచిదన్నా, మీ యమ్మ వాకిలి తీయకుంటే ఆ తప్పు ఆడనే ఉంటాది. తీసేంతవరకు అడుగుతా. ఆమె కాదంటే కాదననీ, నేను అడగకుండా మాత్రం ఉండను."

అరవై మూడులో నాకు మొదటి కాన్పు. పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది. మా వైపు పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వేయరు. నిండుగా బతికిన పెద్దవాళ్ళ పాతబట్టలో చుట్టి పడుకోబెడతారు, ఆ ఆయుష్షు బిడ్డకు వస్తుందని. ఎవరి బట్ట అని మా అత్తగారు కబురు చేస్తే అమ్మ "ఉండాది లెండి" అని మాత్రం చెప్పి పంపింది.

పదహారో రోజు మధ్యాహ్నం బయట గొంతు వినిపించింది. "అక్కా, బొంత కుట్టాల్నా?"

నేను అలవాటుగా "వద్దు" కోసం ఎదురుచూశాను. వినపడలేదు. అమ్మ లేచి లోపలికి పోయి ట్రంకుపెట్టె మూత ఎత్తింది. అడుగునుంచి ఏదో తీసింది. తర్వాత వీధి తలుపు గడియ తీసిన చప్పుడు.

"లోపలికి రా," అంది.

మాబీ గడప దగ్గర ఒక్క నిమిషం ఆగి, కాళ్ళు దులుపుకుని లోపలికి వచ్చింది. జుట్టు సగం తెల్లబడింది అప్పటికి. చాప మీద కూచుంది. అమ్మ ఆమె ఒళ్ళో ఒక బట్ట పెట్టింది. ఆకుపచ్చ చీర. వేపాకు వేసి మడత పెట్టి ఉంది. తొమ్మిదేళ్ళూ అది మా ఇంట్లోనే ఉందని నాకు ఆ నిమిషానే తెలిసింది.

మాబీ వేళ్ళు మడతల్లో వెతికి నల్లదారం మాసిక దగ్గర ఆగాయి. దాన్ని నిమిరింది. తలెత్తి అడిగింది.

"ఇది ఎవురిది?"

అమ్మ మొహం ఎర్రబడింది. "నీకు తెలీదా?"

"తెలుసు. అడగకుండా కుట్టనక్కా. ఒకసారి అడగకుండా కుట్టినా."

అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ పోయినప్పుడు కూడా నేను ఆమెను అలా ఏడవగా చూడలేదు. మాబీ చీర ఒళ్ళో పెట్టుకుని కాచుకుంది. ఆమెకు కాచుకోవడం కొత్తేమీ కాదు.

"మా యమ్మది," అంది అమ్మ చివరికి. "నల్లమ్మ ఆమె పేరు. ఎనభై రెండేండ్లు బతికింది. ఒక్క దినమన్నా మంచాన పడి చేయించుకోల్యా. ఒత్తి పడి చీర కాలితే నల్లదారంతో మాసిక వేసుకునె. నలుగురూ నవ్వుతారని నేను తిట్టినా. మళ్ళా ఆ చీర నా ముందర కట్టుకోల్యా ఆమె."

ఆ చివరి మాట నేను ఎప్పుడూ వినలేదు. ఎందుకు తొమ్మిదేళ్ళు ఆ తలుపు తెరుచుకోలేదో అప్పటికి అర్థమైంది నాకు. అమ్మ కోపం మాబీ మీద కానే కాదు.

మాబీ చీరను నేల మీద పరిచి, బిడ్డ కొలతకు మడత వేసింది. సూదిలో దారం ఎక్కించుకుంది.

"మాసిక పైకి రావల్నా అక్కా, కిందికి పోవల్నా?"

"పైకే పెట్టు," అంది అమ్మ. "నలుగురూ సూడనీ." జరిగి వచ్చి, చీర రెండో కొస పట్టుకుని మాబీ ఎదురుగా కూచుంది.